ఒకటే కాపీ, పన్నెండు మందిమి

ఆదివారం సాయంత్రం డైనింగ్ హాలు వెనుక వేపచెట్టు కింద మేము కూర్చుంటే "ఏం మీటింగురా?" అని చాలామంది అడుగుతున్నారు. అది మా పుస్తకాల కూటమి. ఎట్లా నడుపుతారో రాయమని గోడపత్రిక ఎడిటర్ అన్న పది రోజులుగా నా వెంటపడ్డాడు.

మొదట వార్డెన్ సారు దగ్గర పర్మిషన్ తీసుకున్నాం. ఆ మాట వినగానే సోషల్ సారు నవ్వి, నిజాం కాలం సంగతి చెప్పారు. అప్పుడు సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలట. ఆ ఆర్డరు పేరు గస్తీ నిశాన్ 53. ఆ రోజుల్లోనే వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన చిన్నప్పుడు వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారట. మాకు పుస్తకాలు బీరువాలోనే ఉన్నాయి, తాళం సారు దగ్గరుంది. మా కష్టమేం పెద్దది కాదు.

మొదట్లో చేతులెత్తి పుస్తకం ఎంచుకున్నాం. ఎక్కువ చేతులు దేనికి లేస్తే అదే. న్యాయమే కదా అనుకున్నాం. నెల తిరిగేసరికి ప్రతిసారీ పదో తరగతి అన్నలు చెప్పిందే గెలుస్తోంది. ఆరో తరగతి తమ్ముళ్ళు వాళ్ళ ముఖాలు చూసి చెయ్యెత్తుతున్నారు. వరుసగా డిటెక్టివ్ నవలలే చదివాం. (నాకూ ఇష్టమే, అబద్ధమెందుకు.) అప్పుడు ఓటింగు తీసేసి వంతు పెట్టాం. ఎవరి వంతైతే వాళ్ళు చెప్పిన పుస్తకమే. "బాగలేదు" అనాలంటే చదివిన తర్వాతే అనాలి. సగంలో విసుగొస్తే ఆపేయొచ్చు, కాని ఏ పేజీలో, ఎందుకు విసుగొచ్చిందో చెప్పాలి. ఒక పుస్తకానికి రెండు ఆదివారాలు, తెమలకపోతే మూడు.

ఉన్నది ఒకటే కాపీ కాబట్టి ఒకరు పైకి చదువుతారు, మిగతావాళ్ళం వింటాం. రెండు పేజీలకు పుస్తకం పక్కవాళ్ళ చేతికి పోతుంది. శంకర్‌పల్లి స్టేషన్ దిక్కు నుంచి రైలు కూత వస్తే ఆగుతాం. ఆ ఆగినప్పుడే తెలియని మాటలు అడుగుతారు.

ఈ పైకి చదవడంలోనే ఒక తప్పు జరిగింది. ఏడో తరగతి తమ్ముడొకడు తన వంతు రాగానే "నీళ్ళు తాగొస్త" అని పంపు దగ్గరికి పోయేవాడు. ఒకసారి పట్టుకొని చదివించాం. ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. అందరికంటే ముందు నవ్వింది నేనే. తర్వాతి ఆదివారం వాడు రాలేదు. ఆ పైవారమూ రాలేదు. ట్రంకుపెట్టె దగ్గర ఒంటరిగా కూర్చుంటే పోయి, "నవ్విన, తప్పయింది, రా" అన్నాను. ఏం మాట్లాడలేదు.

అప్పుడు పెట్టిన రూలు: చదవడం ఇష్టం లేకపోతే "ముందుకు" అంటే చాలు, కారణం అడగొద్దు. పుస్తకం ఎంచుకునే వంతు మాత్రం పోదు. ఆ సంగతి చెబితే మూడో వారం వచ్చాడు. ఎంచుకునే వంతు వాడిదే. "పుస్తకం వద్దు, మా యాడి చెప్పే కథ చెప్త" అన్నాడు. ఇది లెక్కలోకి వస్తదా రాదా అని కాసేపు గొడవ. చివరికి సరేనన్నాం.

వాడు మా లంబాడీలోనే చెప్పాడు, ఎక్కడా తడబడలేదు. ఎరుకల దోస్తుల కోసం మధ్యమధ్య నేను తెలుగులో చెప్పాను. ఇద్దరం తెలుగు అక్షరాల్లో రాసుకున్నాం. కొన్ని పలుకులకు అక్షరం కుదరక కొట్టేసి కొట్టేసి రాస్తే పదకొండు పేజీలైంది. ఆ నోటుబుక్కు ఇప్పుడు మా పుస్తకాల వరుసలోనే ఉంది.

వాడు ఇప్పటికీ వేరే పుస్తకమైతే "ముందుకు" అంటాడు. ఆ నోటుబుక్కు మాత్రం పోయిన వారం రెండు పేజీలు చదివాడు, నేను తప్పు రాసిన చోట్లు చూపించాడు కూడా.

వచ్చే ఆదివారం తొమ్మిదో నంబరు వంతు. కొత్తగా వచ్చేవాళ్ళు కూర్చోవడానికి పట్టా ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.