పక్కింటి అవ్వ కోసం ఒక ఫోన్

పాలమూరు కుటుంబాలు బొంబాయి, పుణె పనులకు వలసపోతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో అవ్వ చేతిమీద కమిలిన గుర్తులైనా, ఇంకొకరి జేబులోకి పోయే ఆమె పింఛనైనా ముందు కనబడేది పక్కింటికే. 'వాళ్లింటి గొడవ మనకెందుకు' అన్న మాటే అసలు అడ్డు.

అనుమానమొస్తే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేసి చెప్పాలి. 2017లో హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవే తర్వాత దేశమంతా విస్తరించింది. కళ్లముందే కొడుతుంటే మాత్రం 112.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 నాటి చట్టం కింద ఆర్డీవో ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టొచ్చు. పెద్దవారు కదల్లేకపోతే వారు అధికారమిచ్చిన మరొకరు పెట్టొచ్చు. చూసుకుంటామన్న షరతుతో భూమి రాయించుకుని మొహం చాటేస్తే, ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు. ఈ చట్టం సంగతి చాలామంది అవ్వలకు తెలియదు, చెప్పండి.