జీపుకు డీజిల్ ఇంజను వేస్తే

మహీంద్రా కంపెనీ 1940ల చివర్లో బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ వరసలో తర్వాత వచ్చిన ఎత్తు బానెట్ సీజే-3బీకి పుట్టుకతో ఉన్నది పెట్రోలు ఇంజను. పెట్రోలు ఖర్చుకు తాళలేక చాలామంది డీజిల్ ఇంజను వేయించారు. అలాంటి జీపును ఇప్పుడు బాగుచేయించేవాళ్లు ముందు రంగు మీద, సీట్ల మీద పడతారు. నిజానికి ముందు చూడాల్సింది, ఆ ఇంజనుకూ పాత ఇరుసులకూ పొత్తు కుదిరిందా లేదా అని.

డీజిల్ మీద మోజుకు కారణం లేకపోలేదు. అమెరికాలో 1961 నుంచి సీజే-5 జీపుకు పెర్కిన్స్ 4.192 డీజిల్ ఇంజనును కంపెనీయే అమర్చి ఇచ్చింది. దాని శక్తి 62 హార్స్‌పవరే, పెట్రోలు ఇంజను కన్నా తక్కువ. కానీ లాగుడు బలం పెట్రోలుకు 155 న్యూటన్ మీటర్లయితే దీనికి 194. అదీ నిమిషానికి 1,350 చుట్ల దగ్గరే. బురదలో దిగబడ్డ బండికి కావలసింది ఇదే.

చిక్కంతా తారురోడ్డు ఎక్కాకే. సీజే-3బీ ఇరుసులోని క్రౌను పినియను గేర్ల నిష్పత్తి 5.38. అంటే టాప్ గేరులో ఇంజను 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది, బండి సుమారు 2.2 మీటర్లు సాగుతుంది. 4,000 చుట్లు తిరిగే పెట్రోలు ఇంజనుతో గంటకు 98 కిలోమీటర్ల దాకా లెక్క తేలుతుంది. 3,000 చుట్ల డీజిల్‌తో 74. ట్రాక్టరు ఇంజనులా 2,000 చుట్లకే ఆగేదయితే 49. ఇంజనులో దమ్ము లేదనుకుని, దాని చుట్లకు హద్దు పెట్టే పంపు గవర్నరు స్క్రూ తిప్పించడం మాత్రం ప్రమాదం, కనెక్టింగ్ రాడ్లు విరగొచ్చు. తక్కువ నిష్పత్తి క్రౌను పినియను వేయించాలి. అదీ ముందు, వెనక ఇరుసులు రెండింటికీ ఒకేసారి. ఒక్కదానికే మారిస్తే ఫోర్‌వీల్ వేసినప్పుడు రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి, గేర్లు అరిగిపోతాయి.

ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య వేసే ప్లేటు దగ్గర వెంట్రుకవాసి తేడా కూడా కూడదు. మంచి మేస్త్రీ ఫ్లైవీలుకు డయల్ గేజి తగిలించి, బెల్ హౌసింగు రంధ్రం అంచున ముల్లు ఆనించి, ఇంజనును చేత్తో నెమ్మదిగా తిప్పుతాడు. సూది ఊగితే కేంద్రాలు కలవలేదన్నమాట. అలాగే బిగిస్తే గేరుబాక్సు ముందు బేరింగు త్వరగా పోతుంది.

డీజిల్ ఇంజను బరువు ఎక్కువ కాబట్టి ముందు కమాన్ పట్టీలు గట్టివి వేయాలి. సిలిండరులో గాలిని పదిహేనో వంతుకో, ఇంకా తక్కువకో నొక్కాలి గనక పాత 6 వోల్టుల సెల్ఫ్ మోటారు చాలదు. ఇంజను మార్పు ఆర్‌సీలోనూ ఎక్కాలి. ఇక వైపరు: ఆనాటి జీపుల్లో చాలావాటికి అది పెట్రోలు ఇంజను గాలి పీల్చే ఊపు మీదే ఆడేది. చాలా డీజిల్ ఇంజన్లలో గాలిదారికి అడ్డు తలుపు ఉండదు, ఆ పీల్పూ రాదు. వానాకాలం లోపే కరెంటు మోటారు వైపరు పెట్టించుకోవాలి.