భాగస్వామికి డాక్టర్ చెప్పొచ్చా? హెచ్‌ఐవీకి చట్టం ఉంది.. మరి సిఫిలిస్‌కు?

గనేరియా సోకిన మహిళకు మందులిచ్చి పంపితే చికిత్స సగమే పూర్తయినట్లు. భర్తకూ వైద్యం అందకపోతే ఆమెకు అదే ఇన్ఫెక్షన్ మళ్లీ సోకవచ్చు. మరి, క్లినిక్‌కు రాని ఆ రెండో వ్యక్తి విషయంలో డాక్టర్ ఎంతవరకు వెళ్లొచ్చు? మన దేశంలో దీనికి జవాబు జబ్బును బట్టి మారుతుంది.

హెచ్‌ఐవీ అయితే..

రోగి వివరాల గోప్యత సంపూర్ణ హక్కు కాదని 1998లో ‘మిస్టర్ ఎక్స్ వర్సెస్ హాస్పిటల్ జెడ్’ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లాడబోయే యువతి ఆరోగ్యానికే ప్రాధాన్యం ఇచ్చింది.

2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టంలోని సెక్షన్ 9 దీనికి షరతులు పెట్టింది. భాగస్వామికి వైరస్ సోకే ముప్పు గణనీయంగా ఉందని డాక్టర్ లేదా కౌన్సెలర్ నమ్మాలి. స్వయంగా చెప్పమని రోగికి ముందు నచ్చజెప్పాలి. రోగి చెప్పరని నిర్ధారణకు రావాలి. తాను చెప్పబోతున్నట్లు రోగికి తెలియజేయాలి.

చెబితే హింస జరుగుతుందనో, ఇంట్లోంచి గెంటేస్తారనో సహేతుకమైన భయం ఉంటే, మహిళల విషయంలో భాగస్వామికి చెప్పకూడదు. ఈ సెక్షన్ కింద చెప్పినా, చెప్పకపోయినా డాక్టర్‌పై కేసు చెల్లదు.

మిగతా వ్యాధులకు..

సిఫిలిస్, గనేరియా, క్లమిడియాలకు ఇలాంటి ప్రత్యేక రక్షణ లేదు. 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలోని ఒక వాక్యమే ఆధారం. నిర్దిష్ట వ్యక్తికి తీవ్రమైన ముప్పు ఉంటే రోగి రహస్యాన్ని వెల్లడించవచ్చని అది చెబుతోంది. ఏది ‘తీవ్రమైన ముప్పు’? నయమయ్యే జబ్బు ఆ కిందకు వస్తుందా? తేల్చుకోవాల్సింది డాక్టరే. తప్పయితే బాధ్యతా ఆయనదే.

రోగి చేతికే మందులిస్తే?

భాగస్వామిని పరీక్షించకుండానే రోగి ద్వారా మందులు పంపే పద్ధతిని కొన్ని జబ్బులకు అమెరికాలోని సీడీసీ 2006 నుంచి సమర్థిస్తోంది. మన దగ్గర చిక్కు సమ్మతితో మొదలవుతుంది. చికిత్సకు ఆ వ్యక్తి సమ్మతే ఉండాలని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా మందు పడకపోయినా, ఆమె గర్భిణి అయినా చూడని డాక్టర్‌కు తెలియదు. సిఫిలిస్‌కు ఇచ్చే పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇంటికి పంపేది కాదు.

18 ఏళ్లలోపు వారైతే మరో మలుపు. లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో సెక్షన్ 19 కింద పోలీసులకు చెప్పాల్సిందే.

అందుకే ప్రభుత్వ సురక్ష క్లినిక్‌లలో కౌన్సెలర్లు ముందు రోగినే ఒప్పించి, భాగస్వామిని రప్పించే ప్రయత్నం చేస్తారు. భర్తకు చెప్పడానికి భయపడే మహిళ విషయంలో ఈ దారి మూసుకుపోతుంది. హెచ్‌ఐవీ చట్టం గుర్తించిన ఆ భయాన్ని మిగతా సుఖవ్యాధుల విషయంలో ఏ చట్టమూ ఇంత స్పష్టంగా గుర్తించలేదు.