కట్టమీది నడక

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతములకు సముద్రము లేదు. ఎండాకాలపు సెలవులలో విశాఖపట్టణమునకో సూర్యలంకకో పోయి, ఇసుకలో గూళ్లు కట్టి, అలలతో పరుగుపందెములు వేసి, సంచినిండ గవ్వలతో ఇల్లు చేరిన పిల్లవాడు “మనకెందుకు లేదు తాతా, గసొంటి ఒడ్డు?” అని అడిగినప్పుడు పెద్దలు సాధారణముగా నవ్వి మాట మార్తురు. కాని ఆ ప్రశ్నకు జవాబు ఊరిచివరనే, ఈతచెట్ల ప్రక్కన, ఎత్తుగా నిడుపుగా పరుచుకొని యున్నది. దానినే మనము చెరువుకట్ట యందుము.

తీరమను పదము కడలికి మాత్రమే చెందిన సొత్తు కాదు. నదికి తీరమున్నది, వాగుకు ఒడ్డున్నది, కుంటకు గట్టున్నది, చెరువునకు కట్టయున్నది. ప్రకృతి యెవరికి సముద్రమును ప్రసాదింపలేదో వారు తమ తీరమును తామే కట్టుకొనవలసి వచ్చినది. కోస్తావారి తీరము దైవదత్తము. తెలంగాణమువారి తీరము తట్టలతో మన్ను మోసి, రాయిపై రాయి పేర్చి, తరతరముల కష్టముతో ఆర్జించుకొన్నది. అందుచేత ఇచ్చటి నీటియొడ్డున భార్యాబిడ్డలతో, తల్లిదండ్రులతో కలిసి చేయు నడక వట్టి కాలక్షేపము కాదు. మన పూర్వుల చేతిపనిని పాదములతో చదువుకొనుట.

బ్రిటన్‌లోని వేల్స్ దేశము 2012లో తన సముద్రతీరమంతటిని కలుపుచు సుమారు 1400 కిలోమీటర్ల కాలిబాటను ప్రజలకు తెరచినది. పసిపిల్లలు మొదలు వృద్ధుల వరకు ఎవరి ఓపిక కొలది వారు ఆ బాటలో కొంతకొంత నడచుచుందురు. మన కట్టలపై దారి చూపు గుర్తుపలకలు లేవు. ఐనను బాట మాత్రమున్నది. ఎడ్లబండ్లు, గొర్రెలమందలు, నాట్లకు పోవు కూలీలు, బడికి పోవు పిల్లలు తొక్కి తొక్కి గట్టిపరచిన బాట.

తొలి నడకకు దూరము పోనక్కరలేదు. ఏ యూరి చెరువైనను చాలును. ఐదారేండ్ల బిడ్డ కూడ అలసిపోకుండ నడువగలిగినంత పొడవే సామాన్యముగా గ్రామపు కట్టకు ఉండును. కట్ట మొదట ఎక్కినంతనే ఒకవైపు నీరు, మరియొకవైపు పొలము కనిపించును. నీటివైపు వాలుపై పేర్చిన రాళ్లను పిల్లలకు చూపి, అలలు మట్టిని కోయకుండుటకే వాటిని పరచిరని చెప్పవలెను. కొంత ముందునకు పోయినచో తూము కనబడును. చెరువులోని నీరు కట్ట క్రిందుగా కాలువలోనికి, కాలువ నుండి మళ్లలోనికి పోవు ద్వారమది. చివరకు పోయిన, మిగులునీరు పొరలిపోవుటకై కట్టిన మత్తడి, అనగా అలుగు, దర్శనమిచ్చును. చెరువు నిండి నీరు దానిపై నుండి దూకునాడు “మత్తడి దుంకుతున్నది” అను వార్త ఊరిలో పండుగవార్త యగును. నీరు నిలుచు నేల శిఖము. నీరు పారు నేల ఆయకట్టు. కట్టను కాచు దేవత కట్టమైసమ్మ. ఈ నాలుగైదు మాటలు తెలిసిన బిడ్డకు తెలంగాణపు చరిత్రలో సగము తెలిసినట్లే.

ఆ చరిత్ర గతించినదని యెవరైనను తలచినచో, కామారెడ్డి నుండి నిజామాబాదు పోవు రహదారిలోని సదాశివనగరమునకు పోవలెను. రాష్ట్రములోని 46 వేలకు పైబడిన చెరువులను పునరుద్ధరింపవలెనను సంకల్పముతో రూపొందిన మిషన్ కాకతీయ పథకము 2015 మార్చి 12న ఇచ్చటి పాత చెరువుననే ప్రారంభమైనది. చెరువులోని పూడికమట్టిని తీసి పొలములకు తరలించుట ఆ పథకమున ముఖ్యభాగము. ఆ నల్లని ఒండ్రుమట్టి చేనికి ఎరువుగా మారును. తీసినంత మేర చెరువులో నీటికి చోటు పెరుగును. ఒక్క పనిలో రెండు ప్రయోజనములు సమకూర్చిన మన పూర్వుల తెలివిని వివరించుటకు పాఠ్యపుస్తకము కంటె ఆ కట్టయే మేలు.

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు త్రోవలో లింగంపేట తగులును. అచ్చటి నాగన్నబావి శతాబ్దముల నాటి మెట్లబావి. చాలకాలము పూడిపోయి యుండి, ఇటీవల పునరుద్ధరణము పొందినది. చెరువు నీటిని నేలపై నిలుపగా, ఈ బావి నేలలోని నీటి యొద్దకు మనుష్యుని మెట్టుమెట్టుగా దింపును. పిల్లలు మెట్లు లెక్కించుచు దిగుటకు ఉబలాటపడుదురు గాని, పెద్దలు చేయి విడువరాదు. కోటలయం దిష్టము గలవారు దోమకొండకు పోవచ్చును. కోటలోని మహాదేవాలయమును, ప్రాకారములను నిదానముగా చూచుటకు ఒక పూట పట్టును. ఆ కోటను కాపాడుకొన్న తీరునకు 2022లో యునెస్కో వారి ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించినది.

ఎల్లారెడ్డి చేరిన పిదప నడకరులకు రెండు దిక్కులు తెరచుకొనును. ఆగ్నేయముగా పోయిన పోచారము; పడమటగా పోయిన నిజాంసాగరము. మొదటిది అడవి ప్రక్కనున్న చిన్న తీరము, రెండవది కన్నానినంత మేర నీరు గల పెద్ద తీరము.

మంజీరానదికి ఉపనదియైన ఆలేరు వాగుపై పోచారపు ఆనకట్టను 1916లో ఆరంభించి 1922లో ముగించిరి. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలముల పొలములు నేటికిని దీని నీటితో పండుచున్నవి. శ్రావణ భాద్రపదములలో జలాశయము నిండి, అలుగుపై నుండి నీరు తెల్లని తెరవలె జారునప్పుడు మెదక్ నుండియు కామారెడ్డి నుండియు జనులు బండ్లు కట్టుకొని వచ్చుట పరిపాటి. కాని కుటుంబముతో నడువదలచినవారికి ఆ సంరంభము తగ్గిన పిమ్మట, కార్తికము మొదలు మాఘము వరకు గల కాలమే హితము. అప్పుడు నీరు శాంతించును, గాలి చల్లబడును, దూరదేశపు పక్షులు దిగును. కవులు విరహమునకు ఉపమానముగా చెప్పిన చక్రవాకములు, తలపై రెండు నల్లపట్టెలు గల హిమాలయోత్తర దేశపు బాతులు, ముక్కు మధ్య సందు గల నత్తగుల్లకొంగలు ఇచ్చట కనుల బడును. హిమాలయములను దాటి వచ్చిన పక్షి మన యూరి చెరువులో గడ్డి మేయుచున్నదని తెలిసినప్పుడు బిడ్డ ముఖములో కలుగు ఆశ్చర్యమునకు ఏ ఉద్యానవనపు ఉయ్యాలయు సాటి రాదు.

జలాశయము చుట్టునున్న అడవి ఒకప్పుడు నిజాము వేటస్థలము. 1952లో దానిని అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము సుమారు 130 చదరపు కిలోమీటర్లు. చుక్కలదుప్పి, కణితి, మనుబోతు, నాలుగు కొమ్ములు గల కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత మున్నగునవి ఇందు కలవు. చిరుత యున్నదని భయపడనక్కరలేదు గాని, అటవీశాఖవారు అనుమతించిన బాటను విడిచి పొదలలోనికి పోవుట తెలివితక్కువ. జింకల పెంపకపు ఆవరణము పిల్లలకు సులువుగా చూపదగినది. అయితే కంచెలోనికి చిరుతిండ్లు విసరుట ప్రేమ యనిపించుకొనదు. ఫాల్గుణమున పోయినవారికి ఆకులన్నియు రాలిన చెట్ల నడుమ మోదుగపూలు నిప్పుకణికలవలె గోచరించును.

నిజాంసాగరము మరియొక స్థాయికి చెందినది. మహారాష్ట్రములోని బాలాఘాటు కొండలలో పుట్టి, ఆగ్నేయముగా ప్రవహించి, మెదక్ సీమలో ఉత్తరమునకు మలుపు తిరిగిన మంజీరకు అడ్డముగా, అచ్చంపేట బంజెపల్లి గ్రామముల మధ్య 1923 నుండి 1931 వరకు ఈ ఆనకట్టను నిర్మించిరి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను కాలమున దీని నిర్మాణమును నడిపించిన ప్రధాన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు బహద్దరు. ఆయన పుట్టినరోజైన జూలై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నాము. సుమారు మూడు కిలోమీటర్ల పొడవు గల ఈ రాతికట్టడముపై బండి పోదగిన బాట కలదు. బాటపై రాకపోకలను అధికారులు అనుమతించిన దినమున, ప్రొద్దున్నే మొదలుపెట్టిన ఒక కుటుంబము ముచ్చటలాడుకొనుచు, ఆగుచు, సద్ది విప్పుకొని తినుచు, ఎండ ముదురక ముందే ఈ చివర నుండి ఆ చివర వరకు పోయి రాగలదు.

జలాశయమునకు పూర్తి నీటిమట్టము 1405 అడుగులు. ఆ మట్టమున అందు నిలుచు నీరు 17.8 టీఎంసీలు. ఒక టీఎంసీ యనగా నూరుకోట్ల ఘనపుటడుగుల నీరు. పోచారములో పట్టునది ఇందులో పదవవంతు మాత్రమే. ఈ నీటిని నమ్ముకొనియే బోధను పరిసరములు చెరకుతోటలతో నిండినవి. 1930లలో అచ్చట నిజాము చక్కెర కర్మాగారము వెలసినది. కట్టపై నుండి ఒకవైపు నీలిజలమును, మరియొకవైపు పచ్చని మళ్లను ఒక్కచూపులో చూచినవారికి, మధ్యనున్న రాయి విలువ ఉపన్యాసము లేకుండనే బోధపడును. ఆ నీటి క్రింద మునిగిన ఊళ్లున్నవనియు, వాటిని విడిచి పోయినవారి త్యాగము కూడ ఈ పచ్చదనములో భాగమనియు బిడ్డలకు చెప్పుట పెద్దల ధర్మము.

ఇచ్చటనే మొదటి ప్రశ్నకు సమాధానము కూడ లభించును. “ఈ నీళ్లు యాడికి పోతయి తాతా?” అని అడిగిన మనుమనికి తాత చెప్పదగినది ఒక్కటే: “కందకుర్తి కాడ గోదారిల కలుస్తయి బిడ్డా. బాసర దాటి, కాళేశ్వరం దాటి, భద్రాద్రి దాటి, అంతర్వేది కాడ నువ్వు చూసినసొంటి సముద్రంలనే పడుతయి.” పోచారపు అలుగున దూకిన చినుకు మంజీరలో చేరి, నిజాంసాగరములో కొంతకాలము విశ్రమించి, చివరకు బంగాళాఖాతము చేరుచున్నది. కనుక ఈ కట్టపై నిలిచినవాడు సముద్రమునకు దూరస్థుడు కాడు. అదే నీటికి ఎగువ తీరమున నున్నవాడు.

ఇక జాగ్రత్తలు. సూర్యోదయమునకు ముందే బయలుదేరుట, తలపై రుమాలు, మనిషికొక సీసా నీరు, గట్టి చెప్పులు, ఇంటినుండి కట్టుకొన్న జొన్నరొట్టె లేక పులిహోర. ఇంతకు మించిన సన్నాహము అవసరము లేదు. లోతు తెలియని నీటిలోనికి పిల్లలను, ఈత వచ్చిన పెద్దలను కూడ దిగనీయరాదు. గేట్లు ఎత్తిన దినములలోను, అలుగు పొంగి పొరలు దినములలోను ఆ దరికి పోరాదు. నాచు పట్టిన రాతివాలుపై నిలిచి ఛాయాచిత్రములకు పాల్పడుట ప్రాణాంతకము. తెచ్చిన ప్లాస్టిక్ సంచి తెచ్చినవారి వెంటనే ఇంటికి తిరిగి రావలెను.

నీటి బలమెట్టిదో 2025 ఆగస్టు చివర కామారెడ్డి జిల్లా కన్నులార చూచినది. ఆ కుండపోత వర్షములకు బాటలు తెగినవి, రైలుకట్ట కోతపడినది, పట్టణములోని ఇండ్లు నీట మునిగినవి. పోచారపు ఆనకట్టపై వరద విరుచుకుపడినది. ఒకప్రక్క మన్ను కోసుకొనిపోయినను, నూరేండ్లు దాటిన ఆ రాతికట్టడము మాత్రము నిలిచినది.

పూర్వము ప్రతి చెరువునకు ఒక నీరటి యుండెడివాడు. తూము తెరచి మూయుట, మళ్లకు నీరు పంచుట అతని పని. ఐతే అతడు అన్నిటికంటె మిన్నగా చేసిన పని మరియొకటి కలదు: దినదినము కట్టమీద నడచుట. ఎలుక తవ్విన బొరియను, నీరు చెమర్చిన చోటును, జారిన రాయిని మొదట చూచినది ఆ నడచిన కన్నే. నేడు అనేక గ్రామములలో నీరటి లేడు. కట్టమీద నడచువారును లేరు. పాఠకులారా, వచ్చు ఆదివారము ఇంటిల్లిపాదియు మీ యూరి కట్టకు పొండు. తూమును, మత్తడిని పిల్లలకు చూపుడు. కట్టలో ఎచ్చటనైనను బుంగ కనిపించినచో, ఇంటికి వచ్చుదారిలోనే గ్రామపంచాయతీ వారికి ఒక్కమాట చెప్పిపొండు.