పాముపై థీసిస్... మనిషికి సాక్ష్యం

మనుషులు, పశువులు, పంటలు... జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ చేసే విద్యార్థి ఏ తలుపు తట్టి లోపలికి వెళ్లినా చివరికి మిగతా రెండు గదుల్లోనూ తేలతాడు. హైదరాబాద్ చుట్టూ ఉన్న ప్రయోగశాలలే అందుకు రుజువు.

1989. కేరళలోని తలశ్శేరి కోర్టులో ఓ బిడ్డ తండ్రి ఎవరో తేలాల్సి ఉంది. తల్లి ఒకరి పేరు చెబుతోంది. ఆయన కాదంటున్నాడు. తల్లి, బిడ్డ, ఆ మనిషి... ముగ్గురి రక్తమూ హైదరాబాద్ హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీకి వచ్చింది. అక్కడినుంచి వెళ్లిన నివేదికను కోర్టు సాక్ష్యంగా స్వీకరించింది. డీఎన్‌ఏ పరీక్షను మన దేశంలో న్యాయస్థానం ఒప్పుకున్న తొలి కేసుగా అది చరిత్రకెక్కింది.

ఆ పరీక్షను ఇక్కడ నిలబెట్టిన శాస్త్రవేత్త లాల్జీ సింగ్. పరిశోధక విద్యార్థిగా ఆయన చదివింది నేరాల గురించి కాదు, మనుషుల గురించీ కాదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రాయ్‌చౌధురి దగ్గర ఆయన పీహెచ్‌డీ అంశం పాముల క్రోమోజోములు.

మనలో మగవాడికి ఎక్స్, వై అని రెండు వేర్వేరు లింగ క్రోమోజోములుంటాయి. చాలా పాముల్లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ రెండు రకాలూ ఉండేది ఆడపాములో. వాటిని జెడ్, డబ్ల్యూ అంటారు. కొండచిలువల్లాంటి జాతుల్లో లింగ క్రోమోజోములు రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కట్లపాము, రక్తపింజర దగ్గరికొచ్చేసరికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒకప్పుడు ఒకేలా ఉన్నవి ఎలా విడిపోయాయన్నదే ఆ కుర్రాడి ప్రశ్న. అదే ప్రశ్నను వెంటబెట్టుకుని ఎడిన్‌బరో వెళ్లి, కెన్ జోన్స్ ప్రయోగశాలలో ఆడ కట్లపాము డీఎన్‌ఏ నుంచి ఒక ముక్కను వేరుచేశారు. జీఏటీఏ అనే నాలుగక్షరాల వరస అందులో మళ్లీ మళ్లీ వస్తుంది. దానికి బీకేఎం అని పేరు పెట్టారు. అలాంటి వరసలే ఎలుకలోనూ, మనిషిలోనూ దొరికాయి. అవి ఎక్కడెక్కడ ఉన్నాయి, ఎన్నేసిసార్లు ఉన్నాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది.

ఇంగ్లండ్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో వేరే దారిన డీఎన్‌ఏ వేలిముద్రను కనుక్కున్నారు. లాల్జీ సింగ్ 1987లో సీసీఎంబీలో చేరి, కట్లపాము ఇచ్చిన ముక్క ఆధారంగానే మన సొంత పద్ధతిని తయారుచేశారు. పాము మీద మొదలైన పని మనుషుల కోర్టు దాకా వచ్చింది ఇలా. ఇప్పటి పరిశోధన దరఖాస్తుల్లో ‘సమాజానికి ప్రయోజనం’ రాయమని అడుగుతారు. ఆడపాములో రెండు క్రోమోజోములు ఎందుకు వేరయ్యాయని అడిగే విద్యార్థి అక్కడ ఏం రాయగలడు? ఆ జవాబు కోసం ఆగలేని వ్యవస్థ రేపటి పరీక్షలన్నీ బయటి దేశాల నుంచి కొనుక్కోవాల్సిందే. ఇది నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత ఇదే పని అడవి వైపూ తిరిగింది. కూర వండేసిన మాంసం దుప్పిదో మేకదో ఎలా తేల్చాలి? రకరకాల జంతువుల డీఎన్‌ఏకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను (ప్రైమర్లను) ఎస్.కె. వర్మ, లాల్జీ సింగ్ రూపొందించి 2003లో ప్రచురించారు. అత్తాపూర్‌లోని సీసీఎంబీ అనుబంధ ప్రయోగశాల ల్యాకోన్స్‌లో వేట కేసుల పరీక్షలకు ఆ పద్ధతి పునాదైంది.

ఇక వరి సంగతి. ఈ మూడింటిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది అదే.

సాంబ మసూరి మన అన్నం. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన ఆ బీపీటీ 5204 సన్నబియ్యానికి ఉన్న పెద్ద బలహీనత బ్యాక్టీరియా ఎండాకు తెగులు. ఆకు అంచు నుంచి పసుపు పాకి, ఎండుతూ లోపలికొస్తుంది. చల్లితే నమ్మకంగా తగ్గించే మందు లేదు. తట్టుకునే శక్తి విత్తనంలోనే ఉండాలి. అలాంటి శక్తినిచ్చే జన్యువులు వరి కుటుంబంలో ఉన్నాయి. ఎక్స్‌ఏ21 అనేది ఆఫ్రికాలోని ఒక అడవి వరి నుంచి వచ్చింది. ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనేవి ఇంకో రెండు. మూడూ ఒకే మొక్కలో చేరితే తెగులు బ్యాక్టీరియా రూపు మార్చుకున్నా అంత తేలిగ్గా గెలవలేదు.

చేర్చడమే కష్టం. తెగులును తట్టుకునే వరితో సాంబ మసూరిని సంకరం చేస్తే పుట్టే మొక్కలో సగం సాంబ మసూరి పోతుంది. రుచీ, సన్నదనమూ చెదురుతాయి. అందుకే ఆ పిల్ల మొక్కను మళ్లీ సాంబ మసూరితో, దాని పిల్లను మళ్లీ సాంబ మసూరితో కలుపుతూ పోవాలి. ప్రతిసారీ పరాయి వాటా సగానికి తగ్గుతుంది. నాలుగుసార్లు వెనక్కి కలిపితే సగటున మూడు శాతం చిల్లర మిగులుతుంది. ఆ మూడు శాతంలో మనకు కావలసిన మూడు జన్యువులూ ఉండితీరాలి. పైగా ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 రెండూ అంతర్గత జన్యువులు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులూ వస్తే తప్ప వాటి గుణం బయటపడదు. కాబట్టి సంకరం చేసిన మొక్కకు తెగులు అంటించి చూసినా అవి ఉన్నాయో జారిపోయాయో తెలియదు.

ఇక్కడ పీహెచ్‌డీ విద్యార్థి రెండు చోట్లా ఉండాలి. పొలంలో వరి పూత విచ్చకముందే ఒక్కొక్క గింజ పొట్టు కొసను కత్తిరించి, లోపలున్న ఆరు కేసరాలనూ తీసేసి, కంకికి బటర్ పేపర్ సంచి తొడగాలి. తర్వాత వేరే మొక్క పుప్పొడి దులపాలి. గింజ పట్టి, మొలకెత్తి, నారు ఎదిగాక చిన్న ఆకుముక్క తెంపుకుని ల్యాబ్‌కి రావాలి. డీఎన్‌ఏ తీసి, పీసీఆర్‌తో కావలసిన ముక్కకు నకళ్లు పెంచి, జెల్ మీద నడిపిస్తే జన్యువు పక్కనే ఉండే గుర్తు గీతగా కనిపిస్తుంది. ల్యాబ్‌ల్లో ఎక్కువగా వినపడే ప్రశ్న ఇదే: ‘బ్యాండ్ వచ్చిందా?’ వస్తే ఆ మొక్క ఉంటుంది. లేకపోతే పీకేస్తారు. ఈ పద్ధతిలోనే సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి ‘ఇంప్రూవ్డ్ సాంబ మసూరి’ని సాధించాయి. రమేశ్ సొంటి, ఆర్.ఎం. సుందరం ఆ కృషిలో ముఖ్యులు. 2008లో విత్తనం విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదన్నది పాఠకులు గుర్తుంచుకోవాలి. వరికి వరితోనే సంకరం. జెల్ మీది గీత ఎంపికకు కళ్లద్దంలా పనికొచ్చిందంతే.

పంటల జన్యువులు మనిషి గురించీ ఒక పాఠం చెబుతాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో రాజీవ్ వార్ష్ణేయ నాయకత్వంలో కంది జన్యుపటం బయటికి వచ్చినప్పుడు అందులో 48,680 జన్యువులుండొచ్చని అంచనా వేశారు. మనిషికి ఉన్నవి దాదాపు 20 వేలు. అందుకని కంది మనకన్నా గొప్పదని కాదు. జన్యువుల సంఖ్యకూ, జీవి ఎంత సంక్లిష్టమన్నదానికీ మనం ఊహించుకున్న ముడి లేదని.

విద్యార్థికి మాత్రం దారులు ఎక్కడికక్కడ విడిపోయి ఉంటాయి. వ్యవసాయ వర్సిటీలో ‘జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్’ వేరు. పశువైద్య వర్సిటీలో ‘యానిమల్ జెనెటిక్స్ అండ్ బ్రీడింగ్’ వేరు. ఉస్మానియాలో జెనెటిక్స్ విభాగం వేరు. సీఎస్‌ఐఆర్, ఐసీఏఆర్, ఐసీఎంఆర్ ఫెలోషిప్పుల పరీక్షలు వేర్వేరు. ఒంగోలు గిత్త మీద పనిచేసే అమ్మాయికి వరి మీద పనిచేసే అబ్బాయి కలిసే సందర్భమే రాదు. శాస్త్రం అలా నడవలేదు. డీఎన్‌ఏ గుర్తులన్నిటినీ ఒకేసారి లెక్కలోకి తీసుకుని పశువు సత్తాను పుట్టుకలోనే అంచనా వేయొచ్చని 2001లో మ్యూవిస్సెన్, హేస్, గొడ్డార్డ్ అనే పరిశోధకులు చూపించారు. పాడి పశువుల ఎంపికను అది మార్చేసింది. పంటల వాళ్లు దాన్ని అందిపుచ్చుకున్నారు. మనుషుల్లో గుండెజబ్బు, షుగర్ ముప్పును అంచనా వేసే లెక్కలోనూ ఇదే ఆలోచన ఉంది. మన వర్సిటీలు మొదటి ఏడాదిలోనైనా విద్యార్థిని మూడు చోట్లా కొన్ని నెలలు తిప్పితే ఇలాంటి వంతెనలు ఇక్కడే పుడతాయి.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. 2023 జనవరి నుంచి జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌ది 42,000. మొత్తం అయిదేళ్లు. కాగితం మీద ఫర్వాలేదు. నెలనెలా చేతికి రావడం లేదన్నదే విద్యార్థుల గోడు. పంటకు అదును ఆగదు, అద్దెకు ఇంటి యజమాని ఆగడు. ఇరవై అయిదు దాటిన మనిషి ఇంటికి ఫోన్ చేసి డబ్బులడగడం ఎంత నామోషీయో మనందరికీ తెలుసు. దీన్ని సరిచేయడానికి కొత్త పథకం అక్కర్లేదు, తేదీకి జమ చేస్తే చాలు.

మనుషుల జన్యువుల దగ్గర ఇంకో బాధ్యత ఉంది. వరి ఆకు తెంపితే అది అడగదు. రక్తమిచ్చిన మనిషి మాత్రం ‘మా గురించి ఏం తెలిసింది?’ అని అడిగే హక్కుతో ఇస్తాడు. 2009లో జన్యుశాస్త్రవేత్తలు డేవిడ్ రైక్, తంగరాజ్, లాల్జీ సింగ్‌ల బృందం 25 భారతీయ సమూహాల డీఎన్‌ఏను పరిశీలించింది. మన వైశ్యుల్లో వందకు పైగా తరాలుగా బయటి పెళ్లిళ్లు దాదాపు లేవని అందులో కనిపించింది. చుట్టూ ఎందరో ఉన్నా అన్నేళ్లూ తమలో తామే. తర్వాత 2017లో 260కి పైగా సమూహాలపై వచ్చిన అధ్యయనం, కొద్దిమంది పూర్వీకుల నుంచే బలంగా విస్తరించిన సమూహాలు దక్షిణాసియాలో 81 ఉన్నాయని తేల్చింది. అలాంటి చోట అరుదైన జన్యులోపం అరుదుగా ఉండదు.

వైశ్యుల్లో అది ఆపరేషన్ బల్ల మీద బయటపడుతుంది. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. బ్యూటిరైల్‌కోలినెస్టెరేజ్ అనే ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైము లోపించిన వారిలో మందు ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది. ఊపిరి తీసే కండరాలూ కదలవు. తేరుకునేదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. ఈ సంగతి తెలిసిన మత్తు డాక్టర్లు వైశ్య కుటుంబాల రోగులను ముందే అడిగి కనుక్కుంటారు. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మెలకువ రావడం, ఊపిరి అందడం ఆలస్యమైన జ్ఞాపకం ఉంటే డాక్టర్ అడిగేదాకా ఆగకుండా మీరే చెప్పండి. రక్తపరీక్షతో ఎంజైము స్థాయి తెలుస్తుంది. తక్కువుంటే వేరే మందు వాడతారు.