పొలుసు లేని చేప, ప్రాణమున్న చర్మం

తోళ్ల శుద్ధికి పేరుపొందిన వేలూరు ప్రాంతంలో పశువుల పచ్చితోలును సున్నపు నీటిలో నానబెట్టి, వెంట్రుకలతోపాటు పైపొరను తొలగించి, మిగిలిన లోపొరనే తోలుగా ఊనుతారు. ఆ లోపొరకు బలమిచ్చేవి కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు. జెల్ల, వాలుగ, మార్పు వంటి మీసాల చేపల చర్మంలోనూ ఇదే కొల్లాజెన్ ఒకదానిపై ఒకటి అడ్డంగా పేర్చిన దొంతరలుగా ఉండి, వంగే శరీరానికి పట్టునిస్తుంది. అయితే పొలుసులు లేని ఈ చేపల విషయంలో, తోలు పరిశ్రమ వ్యర్థమని తీసివేసే పైపొరే అసలైన అద్భుతం.

మనిషి చర్మపు ఉపరితలం మృతకణాలతో నిండి ఉండగా, మీసాల చేపల బాహ్యచర్మం సాధారణంగా పై అంచు వరకూ సజీవ కణాలతోనే నిర్మితమై ఉంటుంది. అడుగు వరుసలోని కణాలు విభజన చెందుతూ కొత్త కణాలను పైకి పంపుతుంటాయి. పై వరుసలోని బల్లపరుపు కణాల మీద ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వేలిముద్రలను పోలిన సన్నని గట్లు కనిపిస్తాయి. చేపను తాకగానే చేతికి తగిలే జిగురును ఈ గట్లు ఉపరితలం మీద నిలిపి ఉంచుతాయని భావిస్తారు. ఆ జిగురును తయారుచేసేవి శ్లేష్మ కణాలు. ఇవి చర్మపు పై అంచున తెరుచుకొని, చక్కెర అణువులు చేరిన మాంసకృత్తులను వెలువరించి, సూక్ష్మజీవుల నుంచీ రాపిడి నుంచీ చేపను కాపాడతాయి.

ఈ పైపొరలోనే ఉండే గద కణాలు ఇందుకు భిన్నమైనవి. పరిమాణంలో పెద్దవై, అనేక జాతులలో రెండేసి కేంద్రకాలు కలిగి ఉండే వీటికి బయటికి ద్వారమే లేదు కనుక, చర్మం చిరిగినప్పుడు మాత్రమే వీటిలోని పదార్థం నీటిలో కలుస్తుంది. గాయపడిన చేప చర్మం నుంచి వెలువడే పదార్థానికి తోటి చేపలు బెదిరిపోతాయని 1938లో కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒక చిన్న మంచినీటి చేపలో గుర్తించగా, ఆ భయసంకేతానికి మూలం గద కణాలేనని తరువాతివారు భావించారు. హెచ్చరిక కన్నా ముందు పరాన్నజీవుల నుంచి సొంత చర్మాన్ని రక్షించుకోవడమే వీటి తొలి పని అన్న వాదన కూడా ఉంది. గాయపడిన చేపకు ఇతరులను హెచ్చరించడం వల్ల కలిగే లాభమేమిటన్న ప్రశ్నకు ఈ వాదనే మెరుగైన సమాధానం.

మీసాల మీదనే కాక ఒళ్లంతా రుచి గుళికలు ఉండటం ఈ చేపల మరో విశేషం. అమెరికాకు చెందిన ఒక జాతిలో వీటి సంఖ్య లక్షకు పైగా ఉంటుంది. ఇవికాక, చర్మంలోని చిన్న గుంటల అడుగున ఉండే గ్రాహక కణాలు ఎర జీవుల బలహీన విద్యుత్ క్షేత్రాలను పసిగడతాయి. బురదనీటిలో కంటిచూపు లోటును ఇవన్నీ కలిసి తీరుస్తాయి. అన్ని జాతుల చర్మమూ ఒకేలా ఉండదు. వడిగా పారే నదులలో బండరాళ్లను అంటిపెట్టుకొని జీవించే బగేరియస్ బగేరియస్ అనే మీసాల చేప చర్మంలో కెరటిన్‌తో గట్టిపడిన కణాలు ఉన్నాయని అజయ్ కుమార్ మిట్టల్, మేరీ వైటియర్ 1979లో వివరించారు.

ఇంత సజీవమైన పైపొర కనుకనే నీటిలోని విషానికి అది నేరుగా గురవుతుంది. లోహాలు, ఆమ్లాలు కలిసిన నీటిలో శ్లేష్మ కణాలు అతిగా స్రవించి వట్టిపోతాయి, పై కణాలు ఊడిపోతాయి. వేలూరు మీదుగా పారే పాలారు, తోళ్ల కర్మాగారాల వ్యర్థజలాలతో దెబ్బతిన్న నది. వేలూరు పౌరుల సంక్షేమ వేదిక వేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు, కాలుష్యం కలిగించినవారే నష్టాన్ని భరించాలన్న సూత్రాన్ని దేశ చట్టంలో భాగంగా ప్రకటించింది. ఆ సూత్రం నిజంగా అమలు కావాలంటే నీటిలోని రసాయనాల లెక్కతో సరిపెట్టక, ఆ నీటిలో బతికే జెల్ల చర్మపు ముక్కను కూడా సూక్ష్మదర్శిని కింద క్రమంగా పరీక్షించాలి.