తెల్లవారేసరికి ఈకలే మిగులుతున్నాయి!

సాయంత్రం లెక్కపెట్టి గూట్లోకి తోలిన కోళ్లు 9. తెల్లవారి తలుపు తీస్తే 6. దిబ్బ పక్కన గుప్పెడు ఈకలు. నంద్యాల జిల్లాలో నల్లమల అంచున ఉన్న పల్లెలకు ఇది కొత్త కథేమీ కాదు. ఆత్మకూరు మొదలు రుద్రవరం దాకా అడవి పొడుగునా ఇదే గోడు.

నాటుకోడి ఏడాదికి పెట్టేది 50, 60 గుడ్లు. వాటిలో కొన్ని పొదిగించి, పిల్లల్ని నెలల తరబడి సాకి, పండక్కో పిల్లవాడి పుస్తకాలకో అమ్ముకుంటారు. ఆ డబ్బు మాత్రం అచ్చంగా ఇంటి ఇల్లాలిది. 3 పెట్టలు పోతే ఆ ఇంట్లో కొన్ని నెలల చిల్లర ఖర్చుకు గండిపడ్డట్లే.

కోడి పోగానే నెపం నక్క మీద పడుతుంది. నిజానికి ప్రతిసారీ దొంగ నక్కే కానక్కరలేదు.

ఆనవాలు పట్టండి

మెడ, తల దగ్గర కొరికి, ఒంటి మాంసం పెద్దగా ముట్టకుండా రెండు మూడు కోళ్లను అక్కడే పడేసి పోతే ముంగిస పని అయి ఉంటుంది. గుడ్డును రాయికేసి కొట్టి తాగడం కూడా దాని విద్యే. ఒకే ఒక్క కోడి మాయమై, కంచె అవతల ఈకలు కనిపిస్తే జంగుపిల్లిని అనుమానించాలి. చెట్టు మీద పడుకుంటే భయం లేదనుకుంటారు గాని జంగుపిల్లి, మానుపిల్లి చెట్లెక్కగలవు. పెంకు ముక్కయినా లేకుండా గుడ్లు, ఈకయినా లేకుండా చిన్న పిల్లలు పోతే పాము. గూట్లో బొరియ తేలి, పిల్లల కాళ్లు కొరికి ఉంటే పందికొక్కు. పట్టపగలు వాకిట్లోంచి పిల్లలు మాత్రమే పోతే గద్ద.

పది పన్నెండు కోళ్లను చంపి, ఒక్కదాన్నీ తినకుండా పోయిందంటే అడవి వైపు చూడనక్కరలేదు. అది చాలావరకు ఊరకుక్కల పనే. ఈ మాట చాలామంది ఒప్పుకోరు. పక్కింటివాళ్ల కుక్కను అనడం కంటే అడవిలో నక్కను అనడం తేలిక మరి!

నాపరాయి ఉండగా దిగులేల?

మట్టి గూటికి అడుగునుంచే కన్నం పడుతుంది. ముంగిసా, పందికొక్కూ తవ్వేది అక్కడే. బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాల్లో నాపరాయికి కొదవలేదు. అంచులు విరిగిన బండలు తెచ్చి అడుగున పరిస్తే ఏ గోళ్లూ దాన్ని తవ్వలేవు. బండల మీద వరిపొట్టు గాని బూడిద గాని చల్లితే శుభ్రం చేయడమూ సులువు. వీలుంటే గూడును నేలకు అడుగున్నర ఎత్తున కట్టుకోవాలి.

గాలి కోసం వదిలే కిటికీ దగ్గరే చాలామంది పొరబడతారు. సన్న తీగతో అల్లిన కోళ్ల జాలీ కోడిని లోపల ఆపుతుందే గాని కుక్కను బయట ఆపదు. పంటితో పట్టి లాగితే చిరిగిపోతుంది. అతుకు పెట్టిన గట్టి ఇనుప జాలీ, అరంగుళం కన్నులది వేయించాలి. తలుపుకు పైనొక గడియ, కిందొక గడియ ఉండాలి. ఒక్క గడియే ఉంటే తలుపు కింది మూల వంగి సందు పడుతుంది. పైన రేకు వేసేవాళ్లు దాని మీద బోద కప్పడం మరువరాదు. నంద్యాల ఎండలకు రేకు గూట్లో కోళ్లను చంపడానికి పిల్లీ ముంగిసా అక్కరలేదు.

పిల్లల కోడిని మొదటి నెల గంప కింద కమ్మి మేపడం పాత పద్ధతే. ఇప్పటికీ దాన్ని మించింది లేదు. నాలుగు గుంజలు పాతి పైన పాత చేపల వల కడితే గద్ద దిగదు. వాకిట్లో ఒక మూల కంపకుప్ప ఉంచినా చాలు, పిల్లలు దాని కిందికి దూరిపోతాయి. పొద్దుగూకక ముందే గూడు మూయడం అన్నిటికన్నా ముఖ్యం. టీవీ ముందు కూర్చుని చీకటి పడ్డాక మూసే ఇళ్లలోనే నష్టం ఎక్కువ.

మందల బాధ వేరు

నందికొట్కూరు వైపు మైదానంలో గొర్రెల కాపరులకు తోడేలే భయం. 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పాటు చేసిన రోళ్లపాడు అభయారణ్యం గడ్డిభూములు కృష్ణజింకలకు, తోడేళ్లకు కూడా నిలయమే. తోడేలు మంద నడుమకు రాదు. వెనకబడిన కుంటి గొర్రె, దొడ్డిలో వదిలిన పిల్లలు దాని గురి. అందుకే మంద మేతకు పోయినప్పుడు పిల్లల దగ్గర ఒక మనిషి ఉండి తీరాలి. రాత్రి పొలంలో మంద నిలిపేటప్పుడు వల ఒక్కటే సరిపోదు, చుట్టూ తుమ్మకంప వేయాలి. కుక్కలు రెండైనా ఉంటే మేలు. వాటి మెడకు ముళ్ల పట్టెడ కట్టాలి. తోడేలు ముందు పట్టేది గొంతే.

అడవి అంచున చిరుత సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఊరి దగ్గరికి వచ్చిన చిరుతకు సులువుగా దొరికే తిండి కుక్క. ఆరుబయట కుక్కను కట్టేస్తే చిరుతను పిలిచినట్లే! మేకల దొడ్డికి గోడతోపాటు పైకప్పు కూడా ఉండాలి. ఆరడుగుల గోడ దానికి ఒక్క గెంతు. 2024లో శిరివెళ్ల మండలం పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణం పోయిన తరువాత, చీకటి వేళ ఒంటరిగా దొడ్డికి వెళ్లవద్దని వేరే చెప్పనక్కరలేదు.

విషం మాట ఎత్తకండి

కడుపు మండి, చచ్చిన మేకకు పురుగుమందు పూసేవాళ్లు ఉన్నారు. దాన్ని తిని ముందుగా చచ్చేవి ఊరి కుక్కలు, కాకులు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద చిరుత, తోడేలే కాదు, ముంగిసను చంపినా కేసే. పందుల కోసం పెట్టే ఉచ్చు, కరెంటు తీగ సంగతీ అంతే. రాత్రి ఆ తీగ తొక్కితే మనిషికీ చావే.

అడవి మృగం చంపిన పశువుకు అటవీశాఖ పరిహారం ఇస్తుంది. కాకపోతే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు వెళ్తే లాభం లేదు. కళేబరాన్ని కదిలించకూడదు. చర్మం ఒలిచి, మాంసం పంచుకున్నాక ఏ జంతువు చంపిందో తేల్చేదెలా? గొంతు మీది పంటిగాట్లు, చుట్టూ ఉన్న అడుగుజాడలు కనిపించేలా సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి, అదే రోజు బీటు అధికారికి, పశువుల డాక్టరుకు కబురు చేయాలి. జాడల మీద ఒక గంప బోర్లించి ఉంచితే వాళ్లు వచ్చేదాకా చెరిగిపోవు. పంచనామా అయ్యాక దాని నకలు అడిగి ఇంట్లో దాచుకోవాలి. డబ్బు చేతికి రావడం ఆలస్యమైతే ఆఫీసులో అడగడానికి ఆ కాగితమే ఆధారం.